తుఫానుకి రోజుల తరబడి కరెంటు పోయే ఇంటికి జనరేటర్ ఎలా ఎంచుకోవాలి

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడి ఉండేవాళ్ల కోసం రాస్తున్నాను. మిగతావాళ్లకీ పనికొస్తుంది, కాకపోతే గంటో రెండు గంటలో కరెంటు పోయే ఊళ్లో ఉంటే మీకు జనరేటర్ అక్కర్లేదు, మంచి ఇన్వర్టర్, బ్యాటరీ చాలు. మన సంగతి వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. రెండుసార్లూ స్తంభాలు వరసగా పడిపోయి, చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల వైపు వచ్చింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ నీళ్లలో ఉండిపోయాయి. మీరు కొనేది ఇలాంటి రోజుల కోసం. అందుకే కొనేటప్పుడు మొదటి గంట గురించి కాదు, నాలుగో రోజు గురించి ఆలోచించండి. నాలుగో రోజు పెట్రోల్ దొరకదు, మెకానిక్ దొరకడు, పక్కింటివాళ్లకి ఆ మోత భరించే ఓపిక అయిపోతుంది. ఈ మూడింటికీ తట్టుకునే మిషన్ చాలామంది అనుకునేదానికంటే చిన్నదే ఉంటుంది.

ముందు చోటు చూసుకోండి, తర్వాతే షాపు

అందరూ ఎన్ని కేవీఏ (జనరేటర్ ఎంత లోడు మోస్తుందో చెప్పే కొలత) అని మొదలుపెడతారు. నేనైతే ఎక్కడ పెడతారు అని అడుగుతాను, ఎందుకంటే దీనికి జవాబు లేకపోతే కొనడమే వద్దు.

పెట్రోల్ జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, తర్వాత మగతగా నిద్ర పట్టేస్తుంది, ఆ నిద్రలోనే మనిషి పోతాడు. ప్రపంచంలో ఎక్కడ తుఫాను వచ్చినా గాలివాన తగ్గిన తర్వాతి రోజుల్లో ఇలా చనిపోయేవాళ్లు ఉంటూనే ఉన్నారు. కాబట్టి ఇంట్లో వద్దు, వరండాలో వద్దు, మూడు వైపులా గోడలున్న పోర్టికోలో వద్దు, సెల్లార్‌లో అసలే వద్దు, షట్టర్ సగం ఎత్తిన షాపులో కూడా వద్దు. కిటికీ తీసి ఉంచాం కదా, ఫ్యాను తిరుగుతోంది కదా అనేవి పనిచెయ్యవు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరం, అంటే 6 మీటర్లు, సైలెన్సర్ మూతి తలుపులకీ కిటికీలకీ ఎదురుగా కాకుండా బయటి వైపుకి ఉండాలి. పక్కింటి కిటికీ కూడా ఈ లెక్కలోకే వస్తుంది, మర్చిపోకండి.

ఇప్పుడు మీ స్థలం చూసుకోండి. పెరడు ఉంటే సరే. లేకపోతే మేడ మీద, మెట్ల గది తలుపుకి దూరంగా, ఎందుకంటే ఆ తలుపు తెరిచి ఉంటే పొగ మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. అపార్ట్‌మెంట్‌లో మీకున్నది బాల్కనీ ఒక్కటే అయితే, ఇక్కడితో ఆగిపోండి. మీకు పెట్రోల్ జనరేటర్ పనికిరాదు. ఆ డబ్బుతో రెండు బ్యాటరీల ఇన్వర్టరో, లిథియం పవర్ స్టేషనో (ప్లగ్గులు పెట్టుకునే పెద్ద బ్యాటరీ పెట్టె) తీసుకుని, ఇంట్లో ఫ్యాన్లన్నీ బీఎల్‌డీసీవి మార్చుకోండి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటే అది 30 వాట్ల చుట్టుపక్కల తింటుంది, అదే బ్యాటరీ రెండింతలకి పైగా వస్తుంది.

వరద వచ్చే ఏరియా అయితే ఇంకొక ప్రశ్న కూడా ఉంది: దీన్ని మేడెక్కించేది ఎవరు? 2 కేవీఏ ఇన్వర్టర్ రకం జనరేటర్ (ఈ రకాల సంగతి కింద చెప్తాను) 20 కిలోల పైచిలుకు ఉంటుంది, ఒక మనిషి పట్టుకుని మెట్లెక్కగలడు. 3 కేవీఏ మామూలు ఫ్రేము రకం 40, 45 కిలోలు, ఇద్దరు కావాలి. 5 కేవీఏ 80 కిలోలు దాటుతుంది, చక్రాలున్నా అవి మెట్ల దగ్గర ఎందుకూ పనికిరావు. ఇంట్లో ఉండేది మీ అమ్మానాన్నా మాత్రమే అయితే, పిల్లలందరూ హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, ఈ బరువు లెక్కే అన్నిటికన్నా ముందు. తాడు లాగి స్టార్ట్ చెయ్యడం 65 ఏళ్లాయనకి కష్టం, సెల్ఫ్ స్టార్ట్ ఉన్నది తీసుకోండి, కానీ తాడు కూడా ఉండేలా చూసుకోండి, ఆరు నెలలు పక్కన పడేసిన మిషన్‌లో మొదట చచ్చేది ఆ చిన్న బ్యాటరీనే.

లోడు లెక్క కాగితం మీద

ఒక కాగితం తీసుకుని తుఫాను రోజుల్లో నిజంగా కావాల్సినవి మాత్రమే రాయండి. ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్, ఐరన్ బాక్స్ రాయొద్దు. గీజరు ఒక్కటే 2000 వాట్లు, దానికోసం జనరేటర్ సైజు పెంచడం డబ్బుని పొగ చెయ్యడమే. వేన్నీళ్లు గ్యాస్ మీద కాచుకోవచ్చు.

మామూలు ఇంట్లో ఎలా ఉంటుందంటే: ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లు, మూడు ఫ్యాన్లు 225, ఎల్‌ఈడీ బల్బులు ఆరు కలిపి 54, టీవీ 80, వైఫై, ఫోన్ల చార్జింగ్ అన్నీ కలిపి 40, ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ అవుతుంటే ఇంకో 300. మొత్తం 850 వాట్లు. అంతే. చాలామంది ఇక్కడ నమ్మరు, మా ఇంటికి 5 కిలోవాట్ల మీటరు ఉంది కదా అంటారు. మీటరు లోడు ఏసీలూ గీజర్లూ కలిపి, అన్నీ ఒకేసారి వేసే రోజు కోసం తీసుకున్నది, అది ఇక్కడికి తేవొద్దు.

అయితే ఈ 850 వాట్లు నడిచేటప్పటి లెక్క. మోటరు ఉన్న వస్తువు స్టార్ట్ అయ్యే ఆ ఒక్క క్షణం మామూలుకంటే చాలా ఎక్కువ లాగుతుంది, మూడు రెట్ల నుంచి ఆరేడు రెట్ల దాకా. 150 వాట్ల ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు 800, 1000 వాట్లు అడుగుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త ఫ్రిజ్‌లకి ఈ బాధ తక్కువ, అవి మెల్లగా మొదలవుతాయి. కాబట్టి లెక్క ఇలా చెయ్యండి: అన్నీ నడిచే వాట్లు కూడి, వాటిలో అతి పెద్ద మోటరు ఒక్కదానికి స్టార్టింగ్ అదనం కలపండి. అన్ని మోటర్లకీ కలపక్కర్లేదు, అవన్నీ ఒకే సెకనులో స్టార్ట్ కావు. పై ఇంటికి అది 1700 వాట్లు వచ్చింది. 2 కేవీఏ జనరేటర్‌తో ఈ ఇల్లు గడుస్తుంది.

అసలు చిక్కు నీళ్ల మోటరు

లెక్క మొత్తం తారుమారయ్యేది ఇక్కడే. మన దగ్గర కరెంటు పోతే రెండో రోజు పొద్దున్నకి బాధ ఫ్యాను కాదు, నీళ్లు. పైన ట్యాంకు ఖాళీ, సంపులోనో బోర్లోనో నీళ్లున్నాయి కానీ ఎక్కించే దారి లేదు. మీరు జనరేటర్ కొనేది నిజానికి ఈ మోటరు కోసమే అనుకోండి, సైజు తప్పు పోదు.

మోటరు మీద ప్లేటు చూడండి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు అని స్కూల్లో చదివింది షాఫ్టు దగ్గర వచ్చే పని, కరెంటు లాగేది అంతకంటే ఎక్కువ. ప్లేటు మీద ఆంపియర్లు ఉంటాయి, దాన్ని 230తో గుణిస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు. సింగిల్ ఫేజు 1 హెచ్‌పీ మోటరుకి 6, 7 ఆంపియర్లు ఉంటే అది 1.5 కేవీఏ, నడిచేటప్పుడే. స్టార్టింగ్‌కి ఇంకెంతో మీరే ఊహించుకోండి. సంపు నుంచి పైకి ఎక్కించే అర హెచ్‌పీ మోటరు అయితే, మిగతావన్నీ ఆపేసి దాన్నొక్కదాన్నే వేస్తే, మంచి 2 కేవీఏ లాగేస్తుంది. 1 హెచ్‌పీకి 3 కేవీఏ రేటెడ్‌కి తక్కువ చూడొద్దు. లోతు బోరులో సబ్‌మెర్సిబుల్ అయితే 5 కేవీఏ దాకా వెళ్లాల్సి రావచ్చు. త్రీ ఫేజు మోటరు అయితే ఈ చిన్న సింగిల్ ఫేజు జనరేటర్లతో అయ్యే పని కాదు.

5 కేవీఏ కొనక ముందు ఒక్కటి ఆలోచించండి. రోజుకి అరగంట నడిచే మోటరు కోసం మిగతా గంటలన్నీ ఆ పెద్ద ఇంజను తక్కువ లోడు మీద పెట్రోల్ తాగుతూ ఉంటుంది. దానికంటే సంపు ఉన్నవాళ్లు పైకి ఎక్కించడానికి అర హెచ్‌పీ మోటరు ఒకటి పెట్టించుకోవడం చవక. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే సంపూ ట్యాంకూ నింపుకుంటే మూడు రోజులు బోరు మోటరు అవసరమే రాదు. ఇలా చేసి 2 కేవీఏతో సరిపెట్టుకునే ఇళ్లు చాలా ఉంటాయి.

కేవీఏ, కిలోవాట్, డబ్బా మీద అంకె

కేవీఏ, కిలోవాట్ ఒకటి కాదు. 0.8 పవర్ ఫ్యాక్టర్ లెక్కన 5 కేవీఏ అంటే 4 కిలోవాట్లు. షాపతను ఏది చెప్తున్నాడో అడగండి. ఇంకా ముఖ్యం, మ్యాగ్జిమమ్ అని రాసినది కొన్ని క్షణాలో కొన్ని నిమిషాలో ఇచ్చేది, రేటెడ్ అని రాసినదే గంటల తరబడి ఇచ్చేది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 3500 అని ఉంటే అది చాలాసార్లు మ్యాగ్జిమమ్, ఒక్కోసారి ఉత్త మోడల్ నంబరు మాత్రమే. మిషన్‌కి బిగించిన లోహపు ప్లేటు మీద రేటెడ్ ఎంతో చదవండి, అది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని కూడా ఉండాలి. అమెరికా నుంచి ఎవరో తెచ్చినవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌వి ఉంటాయి, ఎంత చవగ్గా వచ్చినా వద్దు. కొన్ని దిగుమతి సెట్లకి సాకెట్లు మన త్రీపిన్ ప్లగ్గు పట్టనివి ఉంటాయి, కొనే ముందే 16 ఆంపియర్ల సాకెట్ మార్చి ఇమ్మనండి, లేకపోతే తర్వాత ఎవరో వైర్లు నేరుగా దూర్చి అగ్గిపుల్లలు కుక్కుతారు, చూశాం కదా అవన్నీ.

ఏ రకం

ఇంటికి పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి మామూలు ఫ్రేము రకం, ఏవీఆర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) ఉన్నది. ఇంజను ఎప్పుడూ 3000 ఆర్‌పీఎం మీదే తిరగాలి, అప్పుడే 50 హెర్ట్జ్ వస్తుంది, ఒక్క బల్బు వేసినా అదే స్పీడు, అదే మోత. రెండోది ఇన్వర్టర్ రకం, లోపల ఎలక్ట్రానిక్స్ కరెంటుని శుభ్రం చేసి ఇస్తాయి, అందుకని లోడు తక్కువైతే ఇంజను స్పీడు తగ్గించుకుంటుంది, పెట్రోల్ మిగులుతుంది, శబ్దం బాగా తక్కువ. ల్యాప్‌టాప్, టీవీ, ఇన్వర్టర్ ఫ్రిజ్ లాంటివాటికి ఇదే మంచిది.

మరి అందరూ ఇన్వర్టర్ రకమే కొనొచ్చు కదా? ధర ఒకటి. రెండోది, మోటరు స్టార్టింగ్ దగ్గర ఇది తేలిపోతుంది. మామూలు రకం ఆ క్షణం గుర్రుమని కాస్త ఒంగి మళ్లీ లేస్తుంది, ఇన్వర్టర్ రకం ఓవర్‌లోడు లైటు వెలిగించి వెంటనే కట్ చేసేస్తుంది. అందుకని నా సలహా సూటిగా: నీళ్ల మోటరు నడపాల్సిన ఇల్లయితే ఏవీఆర్ ఉన్న 3 కేవీఏ ఫ్రేము రకం. మోటరుతో పని లేదు, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు చాలనుకుంటే 2 కేవీఏ ఇన్వర్టర్ రకం. ఏవీఆర్ లేని చవక సెట్లు, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే చిన్న టూ స్ట్రోక్‌లు వదిలెయ్యండి, వాటితో ఫ్రిజ్ బోర్డు పోతే మిగిలిన డబ్బంతా దానికే అవుతుంది.

డీజిల్ సంగతి అడుగుతారు. లీటరుకి యూనిట్లు ఎక్కువ వస్తాయి, అది నిజమే. కానీ బరువు, అదురు, ధర అన్నీ ఎక్కువ, పైగా తక్కువ లోడు మీద గంటల తరబడి నడిపితే సైలెన్సర్‌లో మసి, కాలని డీజిల్ పేరుకుంటాయి. ఒక ఇంటికి అక్కర్లేదు, ఆస్పత్రికీ అపార్ట్‌మెంట్‌కీ సరే. గ్యాస్ మీద నడిచేవి కూడా ఉన్నాయి, అయితే వంటకి ఇచ్చిన 14.2 కిలోల సిలిండర్ దానికి తగిలించడం నిబంధనల ప్రకారం కుదరదు, తుఫాను రోజుల్లో ఆ సిలిండర్ వంటకే కావాలి కూడా.

పెట్రోల్ లెక్క చెయ్యకుండా డబ్బు కట్టొద్దు

2 కేవీఏ ఇన్వర్టర్ రకం సగం లోడు మీద గంటకి సుమారు ముప్పావు లీటరు తాగుతుంది, 3 కేవీఏ ఫ్రేము రకం లీటరో, లీటరుకి కాస్త పైనో. లీటరు 110 రూపాయలు వేసుకుంటే జనరేటర్ కరెంటు యూనిట్ 70 నుంచి 110 రూపాయలు పడుతుంది. 24 గంటలు నడిపే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. రోజుకి నాలుగు గంటలు, పొద్దున రెండు, సాయంత్రం రెండు, అలా అయితే రోజుకి నాలుగు లీటర్లు.

ఎంత నిల్వ పెట్టుకోవచ్చు? 1934 పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకం కోసం కాకపోతే 30 లీటర్ల దాకా లైసెన్సు అక్కర్లేదు, గట్టి మూత ఉన్న లోహపు డబ్బా 25 లీటర్లకి మించకూడదు. అంటే 30 లీటర్లతో రోజుకి నాలుగు చొప్పున ఒక వారం. చాలా సెట్లకి ఇది సరిపోతుంది, 5 కేవీఏకి సరిపోదు, పెద్దది వద్దనడానికి ఇంకో కారణం ఇదే. కూల్‌డ్రింక్ సీసాలు, నీళ్ల క్యాన్లు వాడొద్దు, బంకువాళ్లు చాలామంది వాటిలో పొయ్యరు కూడా. హుద్‌హుద్ తర్వాత విశాఖలో బంకుల దగ్గర ఎంత పొడుగు లైన్లున్నాయో అప్పుడు అక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, బంకు పంపు కూడా కరెంటు మీదే నడవాలి కదా. కాబట్టి హెచ్చరిక వచ్చిన రోజే నింపి పెట్టుకోండి. సీజన్ అయిపోయాక ఆ పెట్రోల్‌ని బైకులో కారులో పోసి వాడేసి, మళ్లీ అవసరమప్పుడు కొత్తది తెచ్చుకోండి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది, తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి ఉంచితే పాడవుతుంది. క్యాన్లు ఇంట్లో కాదు, వంటింటికి దూరంగా, నీడలో, పిల్లలకి అందని చోట.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి మంచి జోడీ

ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే జనరేటర్‌ని రాత్రి నడపక్కర్లేదు. సాయంత్రం నడిపినప్పుడు ఫ్రిజ్ చల్లబడుతుంది, ట్యాంకు నిండుతుంది, బ్యాటరీ చార్జ్ అవుతుంది, రాత్రి ఫ్యాన్లు దాని మీద. కాకపోతే ఎక్కువ ఆశపడొద్దు: ఇంటి ఇన్వర్టర్లు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లతో చార్జ్ చేస్తాయి, ఖాళీ బ్యాటరీ నిండడానికి పది గంటల పైనే పడుతుంది. నాలుగు గంటల్లో వచ్చేది మూడో వంతు. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లకి రాత్రంతా వస్తుంది, నాలుగు పాత ఫ్యాన్లకి రాదు.

ఇంకో చిన్న విషయం, ఇది తెలియక చాలామంది జనరేటర్ పాడైందని షాపుకి మోసుకెళ్తారు. ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ అనీ ఎకో లేదా నార్మల్ అనీ ఒక స్విచ్ ఉంటుంది. యూపీఎస్‌లో పెడితే వోల్టేజీ కొంచెం ఊగినా జనరేటర్ కరెంటుని తీసుకోదు, బ్యాటరీ మీదే నడుస్తూ ఉంటుంది. జనరేటర్ వేసేటప్పుడు ఎకోలోకి మార్చండి.

ఫ్రిజ్ గురించి కూడా, తలుపు తియ్యకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లదనం ఉంటుంది, రోజంతా నడపాల్సిన పని లేదు. ఇన్సులిన్ లాంటివి ఉంటే ఆ నాలుగు గంటలు దృష్టిలో పెట్టుకుని రెండు పూటలకి బదులు మూడు పూటలు కొంచెం కొంచెం నడపండి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్న మనిషి ఇంట్లో ఉంటే జనరేటర్ ఒక్కటే నమ్ముకోవద్దు, మధ్యలో ఇన్వర్టర్ ఉండాలి, సిలిండర్ ఒకటి పక్కన ఉండాలి, వీలైతే తుఫానుకి ముందే ఆస్పత్రి ఉన్న ఊరికి తీసుకెళ్లండి.

షాపులో ఏం చెయ్యాలి

ఆన్‌లైన్‌లో కొనొద్దని అనను, కానీ మీ ఊళ్లోనో పక్క టౌన్లోనో సర్వీసు ఉన్న కంపెనీ అయ్యుండాలి. షాపువాణ్ణి కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్, తాడు సెట్టు స్టాకులో ఉన్నాయా, చూపించమని అడగండి. చూపించలేకపోతే పక్క షాపు. అక్టోబరులో కాదు, వేసవిలోనే కొనండి. హెచ్చరిక వచ్చాక వెళితే ఉన్నది అంటగడతారు, అద్దెకి తీసుకుందామనుకున్నా టెంట్ హౌస్ వాళ్ల సెట్లన్నీ అప్పటికే ఎటో వెళ్లిపోయి ఉంటాయి.

చల్లగా ఉన్న ఇంజనుని మీ ముందు స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే ఒక్క లాగుకి లేస్తుంది, అది పరీక్ష కాదు. మల్టీమీటర్ పెట్టి లోడు లేకుండా వోల్టేజీ, హెర్ట్జ్ చూడండి, తర్వాత ఐరన్ బాక్స్ ఒకటి రెండు తగిలించి మళ్లీ చూడండి. లోడు లేనప్పుడు 51, 52 ఉన్నా పర్లేదు, లోడు పడ్డాక 50 దగ్గరికి వచ్చి నిలబడాలి, వోల్టేజీ 220కి కింద జారకూడదు. లోడు ఒక్కసారి తీసేసినప్పుడు వోల్టేజీ పైకి ఎగిరితే ఏవీఆర్ బాగోలేదని అర్థం. ఒక అరగంట అలా నడపనివ్వండి, షాపతను విసుక్కున్నా సరే. మోటరు కోసం కొంటుంటే, మీ మోటరు మీదే డెమో ఇస్తేనే కొంటానని చెప్పండి, ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

అడగాల్సినవి ఇంకో రెండు: ఆయిల్ తగ్గితే ఇంజను తనంతట తానే ఆగే ఏర్పాటు ఉందా, వైండింగ్ రాగిదా అల్యూమినియందా. రెండో దానికి రాగే అని ఎవరైనా చెప్తారు, బిల్లు మీద రాసివ్వమనండి, అప్పుడు తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఫంక్షన్లకి తిరిగిన సెట్లు వస్తాయి. ఇంజను బాగున్నా ఎన్ని గంటలు తిరిగిందో తెలిసే దారి లేదు. ఇంజన్ల పని తెలిసిన మనిషి వెంట ఉంటేనే.

ఇంటికి కలపడం, దీనికి ఎలక్ట్రీషియన్ తప్పనిసరి

రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు తయారుచేసి, గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా కరెంటు ఇచ్చేవాళ్లున్నారు. మెయిన్ ఆపాం కదా అంటారు. ఒక్కసారి ఆపడం మర్చిపోతే మీ 230 వోల్టులు సర్వీసు వైరు మీదుగా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి, అవతలి వైపు 11 కేవీ లైను మీద వేల వోల్టులుగా బయటికి వస్తాయి. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కినవాడు ఆ వారమంతా నిద్ర లేకుండా మన కోసం తిరుగుతున్న లైన్‌మన్. పైగా కరెంటు తిరిగి వస్తే రెండూ ఢీకొని మీ జనరేటర్ కూడా కాలిపోతుంది.

దీనికి మందు చేంజోవర్ స్విచ్, మీటరు తర్వాత, మెయిన్ బోర్డు దగ్గర. మధ్యలో ఆఫ్ ఉండి, ఒక పక్క లైను, ఒక పక్క జనరేటర్, రెండూ ఒకేసారి పడే వీల్లేనిది. సింగిల్ ఫేజు ఇంటికి డబుల్ పోల్ ఉండాలి, అంటే ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా విడిపోవాలి. ఫేజు ఒక్కటే మార్చే చవక స్విచ్ పెడతానంటే వద్దనండి. త్రీ ఫేజు కనెక్షన్ ఉంటే నాలుగు పోల్‌లది, ఆ సర్క్యూట్లలో ఏవి జనరేటర్ మీద రావాలో ముందే కూర్చుని తేల్చుకోండి.

ఇన్వర్టర్ ప్లగ్గు తీసి నేరుగా జనరేటర్‌కి పెడితే చాలు కదా అనే ఆలోచన వస్తుంది, కొన్ని ఇళ్లలో పనిచేస్తుంది, చాలా ఇళ్లలో పనిచెయ్యదు. ఇన్వర్టర్‌కి ఫేజు మాత్రమే వేరుగా లాగి న్యూట్రల్ ఇల్లంతా కామన్‌గా వదిలేస్తారు, అందుకని. ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాక సరే. ఎర్తింగ్ కూడా అతన్నే అడగండి: జనరేటర్ బాడీకి ఎర్త్ కలపాలి, జనరేటర్ న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపకపోతే ఇంట్లో ఉన్న ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) అవసరానికి పడిపోకపోవచ్చు. ఈ రెండు మాటలు వినగానే అతనికి అర్థం కాకపోతే వేరే ఎలక్ట్రీషియన్ని పిలవండి.

చేంజోవర్‌కి డబ్బులు ఇప్పుడు లేవంటే, మంచి త్రీకోర్ రాగి కేబుల్, 2.5 స్క్వేర్ ఎంఎం, 20 మీటర్లు కొనుక్కుని, చివర స్పైక్ బాక్స్ పెట్టి ఫ్రిజ్, టేబుల్ ఫ్యాను నేరుగా దానికే పెట్టుకోండి. అందంగా ఉండదు, ప్రాణానికి హాయి.

నడిపే రోజుల్లో

వాన తగ్గకుండా బయట పెట్టొద్దు, పైన రేకు వేసి నాలుగు పక్కలా గాలి ఆడేలా ఉండాలి. తడి చేతులతో, తడి నేల మీద ముట్టుకోవద్దు. పెట్రోల్ పోసేటప్పుడు ఆపి, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, అప్పుడు పొయ్యండి, టార్చి లైటు వెలుగులో, సిగరెట్ కాల్చే బావమరిదిని దూరంగా పంపించి. ముందు ఇంజను స్టార్ట్ చేసి ఒక నిమిషం ఆగి లోడు వెయ్యండి, ఆపేటప్పుడు ముందు లోడు తీసి తర్వాత ఇంజను. మోటరు వేసేటప్పుడు ఫ్రిజ్ ఆపండి. రాత్రి 10 తర్వాత ఆపెయ్యండి, నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా శబ్దం పరిమితి 45 డెసిబెల్స్, ఏ ఫ్రేము రకం జనరేటరూ దానిలో ఇమడదు. పక్కింటివాళ్ల ఫోన్లు నాలుగు చార్జింగ్ పెట్టి ఇవ్వండి, మోత సగం తగ్గినట్టు అనిపిస్తుంది వాళ్లకి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పడకగదిలో ఒకటి పెట్టుకోండి. గొలుసూ తాళం కూడా, చీకటి వీధిలో మోగుతున్న జనరేటర్ ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది.

కొత్తదానికి మొదటి ఆయిల్ 20 గంటలకి మార్చాలి, తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో, ఏది ముందొస్తే అది. తుఫాను వారంలో రోజుకి నాలుగు గంటలు నడిపితే మొదటి మార్పు ఐదో రోజుకే వచ్చేస్తుంది, కాబట్టి లీటరు ఆయిల్, ఒక స్పార్క్ ప్లగ్గు, ప్లగ్గు పానా ఇంట్లోనే ఉండాలి. రోజూ స్టార్ట్ చేసే ముందు ఆయిల్ గేజు చూడండి. పక్కన పెట్టేసేటప్పుడు పెట్రోల్ కాక్ మూసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయి తనంతట ఆగేదాకా నడపండి, లేకపోతే జెట్‌లో జిగురు పట్టి వచ్చే తుఫానుకి ఎంత లాగినా లేవదు. నెలకోసారి, ఏదో ఒక ఆదివారం, లీటరు పెట్రోల్ పోసి ఒక ఐరన్ బాక్స్ లోడుతో పావుగంట నడపండి, మళ్లీ అలాగే ఖాళీ చేసి, సెల్ఫ్ స్టార్ట్ ఉంటే ఆ బ్యాటరీ తీసి చార్జింగ్ పెట్టండి.